రోడ్డవతలి నక్క

నక్క తోక తొక్కితే అదృష్టం కలిసొస్తుందని మనవాళ్లు అంటారు. నల్లగట్టు సెక్షను ఫారెస్టాఫీసరు మద్దిలేటి ఒక వేసవిలో తోకతో సహా నక్కనంతా పట్టుకున్నాడు, అదీ ఒక్కసారి కాదు. అతనికి ఏం కలిసొచ్చిందో చెప్పడానికే ఈ కథ.

దీనికి మూలం మన దగ్గర లేదు. అటవీశాఖలో బాగా పైన కూర్చునే పెద్దాఫీసరు గారొకరు అధ్యయనం పేరుతో విదేశం వెళ్లొచ్చారు. అక్కడ కొయోటీ అని ఒక జంతువుందట. మన నక్కకు పెదనాన్న కొడుకు వరస. ఎండలు ముదిరే నెలల్లో పిట్టలు నేలమీద గుడ్లు పెడతాయి, కొయోటీ వచ్చి తినేస్తుంది, అందుకని అక్కడివాళ్లు ఆ నెలల్లో దాన్ని బోను పెట్టి పడతారట. అక్కడ అది ఎంతవరకు సబబో అక్కడివాళ్లు చూసుకుంటారు. మన పెద్దాఫీసరు గారికి మాత్రం తిరుగు విమానంలోనే మన కౌజు పిట్టల మీద జాలి పుట్టుకొచ్చింది. ఇంట్లో పెట్టె విప్పకముందే ఆఫీసులో సర్క్యులర్ తయారైంది. ‘వేసవి నక్కల నియంత్రణ ద్వారా స్థానిక వన్యప్రాణి సంరక్షణ మహా కార్యక్రమం’ అని దానికి పేరు. పేరు చదివేసరికే సగం వేసవి గడిచిపోతుందని గిట్టనివాళ్లు అన్నారు గానీ, గిట్టనివాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

ఆ సర్క్యులర్‌ని రేంజాఫీసరు చక్రపాణి గారు సిబ్బందినంతా కూర్చోబెట్టి చదివి వినిపించారు. చక్రపాణి గారు మామూలు మనుషుల్లా మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా ‘తగు చర్యలు గైకొనవలసినది’ అంటారని వాళ్ల ఆవిడే చెప్పుకొని నవ్వేది.

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. “సార్, నక్క గూడా వన్యప్రాణే గద సార్. మన స్థానికమే గద. దాన్ని పడితే మన మీదే కేసు గాదా?”

“ఆ అంశం పైస్థాయిలో కూలంకషంగా చర్చించబడినది,” అన్నారు చక్రపాణి గారు. “మార్చి మొదలు జూన్ ఆఖరు వరకు నక్కను స్థానికేతర జంతువుగా పరిగణించవలెనని నిర్ణయించడమైనది. జులై ఒకటో తేదీ నుంచి అది యథావిధిగా స్థానికం.”

“మరి ఆ నాలుగు నెలలు అది యాడిది సార్?”

“పక్క డివిజనుది,” అన్నారాయన తడుముకోకుండా. “కనుక పట్టిన నక్కకు ఎట్టి హానీ తలపెట్టక, సగౌరవంగా తీసుకుపోయి, మన డివిజను హద్దు దాటించి విడిచిపెట్టవలెను.”

ఆ హద్దు గురించి ఒక మాట చెప్పాలి. నల్లగట్టు గడ్డిభూములు ఒకప్పుడు అన్నీ ఒకటే. జిల్లాలు విడగొట్టినప్పుడు ఎవరో పటం ముందేసుకొని గీత గీశారు. ఆ గీత సరిగ్గా తారు రోడ్డు మీదుగా పోయింది. రోడ్డుకు ఇవతల గడ్డి ఒక డివిజను, అవతల గడ్డి ఇంకో డివిజను అయ్యాయి. గడ్డికి ఈ సంగతి తెలియదు, కౌజు పిట్టలకూ తెలియదు. నక్కలకు కూడా అప్పటికి తెలియదు.

సెక్షనుకు నలభై నక్కలు లక్ష్యం. మద్దిలేటి సెక్షను మొత్తం జల్లెడ పట్టినా పన్నెండు నక్కలుంటే ఎక్కువ. ఆ మాటే అనబోయాడు. సరిగ్గా అప్పుడే చక్రపాణి గారు ఆఖరి పేరా చదివారు. లక్ష్యం పూర్తిచేసిన సిబ్బంది పెట్టుకున్న బదిలీ అర్జీలను సానుభూతితో పరిశీలిస్తారట. మద్దిలేటి మాట నోట్లోనే ఉండిపోయింది.

మద్దిలేటికి కావలసింది ఒక్కటే, ఆదోనికి బదిలీ. అతని భార్య ప్రమీల అక్కడ ఆసుపత్రిలో నర్సు. రెండున్నరేళ్ల కూతురు హిమజ ఆమె దగ్గరే ఉంటుంది. మద్దిలేటి నెలకోసారి బస్సులు మారి వెళ్లి, ఒక పూట ఉండి, మళ్లీ బస్సులు మారి వచ్చేవాడు. కిందటిసారి వెళ్లినప్పుడు పిల్ల తలుపు తీసి, ఖాకీ బట్టలు చూసి లోపలికి పరుగెత్తి, “అమ్మా, ఫారెస్టంకులొచ్చినాడు” అంది. ప్రమీల నవ్వింది. మద్దిలేటి కూడా నవ్వాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, గాలికి కళ్లు మండుతున్నాయని పక్కాయనతో చెప్పాడు. నలభై కాదు, నాలుగొందల నక్కలన్నా ఆ మనిషి పట్టడానికి సిద్ధమే.

బోన్లు వచ్చాయి. ఎరకోసం కోళ్లు వచ్చాయి. కోడి తల, కాళ్లు, పేగులు బోనుకు వెళ్లేవి. మిగతాది వాచరు సుంకన్న ఇంటికి వెళ్లేది.

“నక్కకు మెత్తటి కూర ఇస్తే పళ్లు చెడిపోతాయి సార్,” అని సుంకన్న ఎంతో బాధ్యతగా చెప్పాడు.

మొదటిరోజు బోనులో సర్పంచి గారి కుక్క పడింది. రెండోరోజు ముంగిస. ఆ తర్వాత రేంజాఫీసులో అటెండరు పెంచుకునే పిల్లి పడి, బయటికి తీస్తుంటే మద్దిలేటి చెయ్యి గీరింది. నక్కలు మాత్రం దూరంగా గట్టు మీద కూర్చొని వీళ్లనే చూస్తుండేవి. ఓ వారం తర్వాత వాటికీ నమ్మకం కుదిరింది. ఒకటి పడింది, ఇంకొకటి పడింది. నెల తిరిగేలోపు పది నక్కల్ని జీపులో వేసుకొని, సగౌరవంగా రోడ్డు దాటించి వదిలేశారు. వాటిలో ఎడమ చెవి చినిగిన ఆడనక్క ఒకటుంది. సుంకన్న దానికి చింపిచెవి అని పేరు పెట్టాడు. మిగతావి జీపెక్కగానే వణికేవి. చింపిచెవి మాత్రం బోను ఊచల్లోంచి దారి చూసుకుంటూ కూర్చునేది.

పది దగ్గర బండి ఆగిపోయింది. రోజులు గడిచినా బోన్లు ఖాళీ. కోళ్లు మాత్రం ఖర్చవుతూనే ఉన్నాయి. చక్రపాణి గారు ఫోన్ చేసి, “పురోగతి నిరాశాజనకంగా ఉన్నదని ఉన్నతాధికారులు భావించుచున్నారు,” అన్నారు. ప్రమీల ఫోన్ చేసి, “ఏమప్పా, ఎన్నయినాయి?” అని అడిగేది. మిగతా ఆడవాళ్లు మొగుణ్ని జీతం ఎంతని అడుగుతారు, నా పెండ్లామేమో నక్కలెన్నని అడుగుతోంది, అనుకొని మద్దిలేటి ఉసూరుమనేవాడు.

అలాంటి ఒక తెల్లవారుజామున సుంకన్న పరుగెత్తుకొచ్చాడు. బోనులో నక్క ఉంది. మద్దిలేటి వెళ్లి చూస్తే చినిగిన ఎడమ చెవి. వీపు మీద మాత్రం కొత్తగా నీలం రంగు చుక్క.

“ఇది మన చింపిచెవే గద సార్,” అన్నాడు సుంకన్న. “మనం ఇడ్సిపెట్టినప్పుడు ఈ రంగు లేదే.”

“లేదు,” అన్నాడు మద్దిలేటి. “ఎవరో పూసినారు.”

“అంటే అవతల గూడా దీన్ని ఎవరో పట్టినారంటావా సార్?”

మద్దిలేటి బోను జీపులో వేయించి రోడ్డు మీదికి పోనిచ్చాడు. హద్దు దగ్గర లింగమ్మక్క టీ బంకు ఉంది. బంకు ముందు అచ్చం తమలాంటి జీపే ఇంకొకటి ఆగి ఉంది. దాని వెనక అచ్చం తమలాంటి బోనే, అందులో ఒక నక్క. జీపు పక్కన నెరిసిన మీసాల ఖాకీ మనిషి టీ తాగుతున్నాడు. ఆయన అవతలి డివిజను సెక్షనాఫీసరు కుళ్లాయప్ప.

ఇద్దరూ ఒకరి బోను వంక ఒకరు చూసుకున్నారు.

“ఏం సామీ,” అన్నాడు కుళ్లాయప్ప నింపాదిగా, “నువ్వేనా మా పక్కకు నక్కల్ని తోలుతాండేది?”

“మీరేనా అన్నా మా పక్కకు తోలేది?”

“మరేం జేసేది? హద్దు దాటించి ఇడ్సమన్నారు. మా హద్దు దాటితే మీ గడ్డే గద.”

“మాదీ అదే గద అన్నా.”

“నీకెంత టార్గెట్టు?”

“నలభై.”

“నాకూ నలభయ్యే. మా పక్క ఉండేటివి ఏడెనిమిది. నేనింగ రెండేండ్లకు రిటైరయితా. ఈలోపు ప్రమోషన్ వస్తే మా వియ్యంకుడి ముందర తలెత్తుకొని తిరుగుతా,” అన్నాడు కుళ్లాయప్ప. టీ గ్లాసు కడుగుతున్న లింగమ్మక్క ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

“మీరిద్దురూ ఈ రోడ్డు మింద నక్కల్ని అటూ ఇటూ మోసేకన్నా, ఈణ్నే మార్చుకోని పోరాదా నాయనా? పెట్రోలన్నా మిగుల్తాది,” అంది.

ఆవిడ వేళాకోళానికే అంది. వీళ్లిద్దరూ దాన్ని సలహాగా తీసుకున్నారు. ఆ పూటే చింపిచెవి బోను అవతలి జీపులోకి మారింది, అవతలి నక్క ఇవతలికి వచ్చింది. నియమం ఎక్కడా తప్పలేదు. ప్రతి నక్కా హద్దు దాటింది, దేనికీ హాని జరగలేదు. సగౌరవం అన్నారు కాబట్టి లింగమ్మక్క వాటికి చిప్పలో నీళ్లు కూడా పెట్టింది.

ఆ తర్వాత లెక్క పరుగందుకుంది. రోజూ పొద్దున టీ బంకు దగ్గర రెండు జీపులూ ఆగేవి, బోన్లు మారేవి, టీలు అయ్యేవి. నక్కలకూ ఈ పద్ధతి నచ్చింది. పిట్ట గుడ్డు కోసం ముళ్లకంపల్లో మూతి గీరుకోవడం ఎందుకు, బోనులో కూర్చుంటే కోడి వస్తోంది, పైన జీపు షికారు. నెల తిరిగేసరికి వాటి బొచ్చు నిగనిగలాడింది. చింపిచెవికి పొట్ట కూడా వచ్చింది. అది బోను దాకా వెళ్లడం కూడా దండగనుకొని నేరుగా టీ బంకు దగ్గరికే వచ్చి, జీపు వచ్చేదాకా బెంచీ కింద పడుకునేది. లింగమ్మక్క దాన్ని కసిరేది కాదు. “రోజూ వచ్చేది, బాకీ పెట్టనిది అదొక్కటే,” అనేది.

మధ్యలో రెండు ఇబ్బందులు రాకపోలేదు. బోన్ల దగ్గర పారేసిన కోడి పేగుల వాసనకు ఊరి కుక్కలు గుంపులుగా గడ్డిలోకి దిగాయి. దిగినవి దిగినట్టు కౌజు గుడ్లు వెతుక్కొని తినసాగాయి. మద్దిలేటి ఈ సంగతి పైకి చెప్పాడు.

“కుక్క వన్యప్రాణి కాదు,” అన్నారు చక్రపాణి గారు. “కనుక కుక్క తినిన గుడ్డు మన కార్యక్రమ పరిధిలోకి రాదు. నక్క తినిన గుడ్డు ఉంటే తెలియజేయవలెను.”

“నక్కలు గుడ్లు తినడం మానేసినాయి సార్. కోడి తింటున్నాయి.”

“అదే మన విజయం,” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

రెండో ఇబ్బంది చిన్నది. ఒక రోజు లింగమ్మక్క బంకు వెనక కంపచెట్టు కిందినుంచి ఒక కౌజు పిట్ట బయటికొచ్చింది. దాని వెనక బొటనవేలంత పిల్లలు. తల్లి ముందు, పిల్లలు వెనక, తారు రోడ్డు దాటి అవతలికి పోయాయి. బెంచీ కింద చింపిచెవి ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. కుక్కలకు చిక్కకుండా బతికిన సంసారం అది. మద్దిలేటికి వన్యప్రాణి సంరక్షణ అంటే ఇదే గదా అనిపించి ఎవరికైనా చెప్పాలనుకున్నాడు. ఎన్ని నక్కలు పట్టారని తప్ప, ఎన్ని గుడ్లు పిల్లలయ్యాయని ఆ వేసవంతా ఎవరూ అడగలేదు. ప్రమీలకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె అంతా విని, “వాటి నాయన యాడున్నాడంట?” అంది. మద్దిలేటి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మే నెల ఆఖరుకు మద్దిలేటి నలభై దాటాడు. కుళ్లాయప్ప కూడా దాటాడు. మిగతా సెక్షన్లన్నీ డజను దగ్గర ఆగి ఆపసోపాలు పడుతుంటే, పటంలో ఈ రెండూ వెలిగిపోయాయి. నల్లగట్టులో నక్కల బెడద ఇంత తీవ్రంగా ఉందని ఇన్నాళ్లూ గమనించనందుకు పెద్దాఫీసరు గారు విచారం వెలిబుచ్చారు. స్వయంగా వచ్చి, ఆఖరి నక్కను పచ్చజెండా ఊపి హద్దు దాటిస్తానన్నారు.

జూన్ మొదటివారంలో లింగమ్మక్క బంకు ముందు షామియానా లేచింది. బంకు అధికారిక వాతావరణానికి భంగమని తెరగుడ్డ కట్టి మూసేశారు. ఆవిడ తెర వెనకనుంచే అందరికీ టీలు పంపింది. రెండు డివిజన్ల ఆఫీసర్లూ, విలేకర్లూ వచ్చారు. చక్రపాణి గారు ఇస్త్రీ మడత నలగకుండా నిలబడే ఉన్నారు. మధ్యలో బోను. బోను మీద బంతిపూల దండ. లోపల చింపిచెవి.

మద్దిలేటి జేబులో బదిలీ అర్జీ ఉంది. పెద్దాఫీసరు గారు సంతోషంగా ఉన్న సమయం చూసి చేతికివ్వాలని అతని ఆలోచన. అందుకే ప్రమీలను కూడా రమ్మన్నాడు. ఆమె హిమజను చంకనేసుకొని షామియానా చివర నిలబడింది.

పెద్దాఫీసరు గారు మాట్లాడారు. “ప్రపంచ స్థాయి పద్ధతులను క్షేత్రస్థాయికి అన్వయించడంలో మనం ఒక మైలురాయిని చేరుకున్నాం. నేడు ఈ హద్దు దాటుతున్నది ఒక నక్క మాత్రమే కాదు, ఒక పాత ఆలోచనా విధానం,” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పచ్చజెండా ఊగింది. సుంకన్న బోను తలుపు ఎత్తాడు.

చింపిచెవి ఒళ్లు విరుచుకొని బయటికొచ్చింది. జనాన్ని ఒకసారి చూసింది. సగౌరవంగానే రోడ్డు దాటింది. అవతలి అంచున ఆగి, అటు జీపు ఏదీ లేకపోవడం చూసింది. వెనక్కి తిరిగి, మళ్లీ రోడ్డు దాటి, పెద్దాఫీసరు గారి బూట్ల పక్కనుంచి నడిచి, బోనులోకి వెళ్లి కూర్చుంది. ఇంకా కోడి రాలేదేమని సుంకన్న వంక చూసింది.

చక్రపాణి గారి మొహాన నెత్తురు చుక్క లేదు. జెండా ఇంకా పెద్దాఫీసరు గారి చేతిలోనే ఉంది. ఆయన దాన్ని మెల్లగా దించి గొంతు సవరించుకున్నారు.

“చూశారా,” అన్నారు విలేకర్లతో. “దీన్నే స్వచ్ఛంద లొంగుబాటు అంటారు. మన కార్యక్రమ స్ఫూర్తికి ప్రభావితమై, గుడ్లు తినే మార్గాన్ని విడనాడి, నక్క తనంతట తానే జనజీవన స్రవంతిలో కలిసింది. లొంగిపోయిన నక్కలకు పునరావాసం కల్పించే బాధ్యత శాఖ తీసుకుంటుంది. రోజుకొక కోడి చొప్పున.”

చప్పట్లు మునుపటికన్నా గట్టిగా మోగాయి. సుంకన్న అందరికన్నా గట్టిగా కొట్టాడు.

పునరావాస కేంద్రమంటూ పెడితే దానికి కాపలా ఎవరో మద్దిలేటికి వేరే చెప్పనక్కర్లేదు. చింపిచెవి ఇక్కడున్నన్నాళ్లూ తనూ ఇక్కడే. షామియానా చివర హిమజ అమ్మ చంక దిగి, బోను వంక వేలు చూపిస్తోంది. దాచి లాభం లేదనుకున్నాడు. నిజం చెప్తే శిక్ష వేస్తారు, శిక్ష అంటే బదిలీయే, ఏ మూలకు వేసినా ఇక్కడికన్నా ఆదోనికి దగ్గరే. తెగించి పెద్దాఫీసరు గారి ముందుకెళ్లి చేతులు కట్టుకున్నాడు.

“సార్, తప్పయిపోయింది. ఇవన్నీ వేరే వేరే నక్కలు కాదు సార్. ఇదే నక్క, దీని తోటివి ఇంకొన్ని. మేము అటు తోలుతాం, వాళ్లు ఇటు తోలుతారు. ఈ చింపిచెవిని నేనొక్కణ్నే లెక్కలేనన్నిసార్లు పట్టినా. నాకు శిక్ష వేయండి సార్. యాడికైనా ట్రాన్స్‌ఫర్ చేయండి.”

కుళ్లాయప్ప కళ్లు మూసుకున్నాడు. ప్రమోషనూ వియ్యంకుడూ ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటారు. చక్రపాణి గారు “సదరు ఉద్యోగి మానసిక...” అని ఏదో మొదలుపెట్టారు. పెద్దాఫీసరు గారు చెయ్యెత్తి ఆపారు.

“అంటే,” అన్నారు, “కొత్త నక్కల మీద ఒత్తిడి పడకుండా, ఉన్న నక్కలతోనే లక్ష్యం సాధించారన్నమాట. రెండు డివిజన్ల సమన్వయంతో. విదేశాల్లో కూడా ఈ ఆలోచన ఇంకా రాలేదు.” ఆయన మద్దిలేటి భుజం తట్టారు. “ఇంత నిజాయితీ ఉన్న ఉద్యోగి కోరిక తీర్చకపోతే ఎలా? నీకు బదిలీ ఖాయం. ఈరోజే ఆర్డరిస్తాను.”

మద్దిలేటి ఆయన కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు. ప్రమీల దూరంనుంచి చూసి, ఏమైందో తెలియకపోయినా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. నక్కల మార్పిడిలో వచ్చిన ఫలితాలను దృష్టిలో ఉంచుకొని, అదే పద్ధతిని సిబ్బందికీ వర్తింపజేశారు. మద్దిలేటిని అవతలి డివిజనుకు, కుళ్లాయప్పను ఇవతలి డివిజనుకు బదిలీ చేశారు. ఏటా వేసవికి ఇద్దరూ తిరిగి మారాలని కింద రాసి ఉంది.

లింగమ్మక్క తెరగుడ్డ విప్పేసి పొయ్యి మళ్లీ రాజేసింది. కుళ్లాయప్ప తన ట్రంకుపెట్టెను ఇవతలి జీపులోకి మార్చాడు. మద్దిలేటి తన పెట్టెను అవతలి జీపులోకి ఎక్కించాడు. జీపు కదులుతుందని తెలిసి చింపిచెవి ఎగిరి దాని వెనక కూర్చుంది. ప్రమీల హిమజను ఎత్తుకొని జీపు దగ్గరికొచ్చింది.

“ఏమప్పా, వచ్చిందా ఆర్డరు?”

“వచ్చింది.”

“యాడికి?”

మద్దిలేటి రోడ్డు అవతలికి చెయ్యి చూపించాడు. ప్రమీల అటు చూసింది, ఇటు చూసింది.

“ఆదోనికి దగ్గరైనావా, దూరమైనావా?”

“రోడ్డు ఎంత వెడల్పుందో అంత దూరమైనా.”

హిమజ ముందు ఖాకీ బట్టలు చూసింది, తర్వాత జీపు వెనక కూర్చున్న చింపిచెవిని చూసింది. తండ్రి వంకే చెయ్యి ఊపుతూ, “నక్కంకుల్, టాటా,” అంది.